పెద్ద డ్రైవరు ఎక్కని బండి

చిన్న డ్రైవరుకి అరవై నిండాయి. మోకాళ్ళు అరిగాయి, ముగ్గురు మనవలు భుజాలెక్కి సవారీ చేస్తున్నారు. అయినా పేటలో ఆయన్ని ఈనాటికీ చిన్న డ్రైవరనే అంటారు. పెద్ద డ్రైవరు ఉన్నాడు మరి. ఎనభై దాటిన వయసులో, నోట్లో చుట్టతో, నిటారుగా, నిక్షేపంలా ఉన్నాడు. తండ్రి అలా ఉన్నంతకాలం కొడుకు చిన్న డ్రైవరే.

ఆ చిన్న డ్రైవరు ఘనత తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ఊరి బడిలో ఏడో తరగతితో పుస్తకం మూసి, తండ్రి లారీ మీద క్లీనరుగా ఎక్కి, అక్కణ్ణుంచి ప్రభుత్వ బస్సు డ్రైవరై ముప్పై నాలుగేళ్ళు స్టీరింగు పట్టాడు. అన్నేళ్ళలో ఆయన చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదు. ఒకసారి ఘాట్ రోడ్డు మీద బ్రేకు పట్టు తప్పింది. బండి నిండా జనం. ఒక్కరికి కూడా సంగతి తెలియనివ్వకుండా గేర్లు దించుకుంటూ దించుకుంటూ వచ్చి, రోడ్డు పక్కనున్న కంకర గుట్టకి ఆవుని కట్టేసినట్టు బస్సును ఆనించి ఆపాడు. జనం కిందికి దిగి, "టిఫిన్‌కి ఆపారా?" అని అడిగారు. మరోసారి వెనక సీట్లో ఒకావిడకి నొప్పులొస్తే, బస్సును ఆసుపత్రి గేటు దాటించి ఏకంగా మెట్ల ముందు ఆపాడు. అప్పుడు పుట్టిన ఆడపిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, ఎదురైతే బాబాయ్ అంటుంది. అధికారులు కప్పిన శాలువాలు, ఇచ్చిన షీల్డులు గాజు బీరువాలో పట్టక మంచం కిందికి చేరాయి. ఆ చుట్టుపక్కల డిపోలన్నిటిలో అలాంటి పనివాడు మరొకడు లేడు. ఇది గొప్పకి చెప్పే మాట కాదు, అందరూ ఒప్పుకున్నదే.

ఇన్ని ఉన్నా ఒక్కటి లేదు. ఆయన నడిపిన బండి పెద్ద డ్రైవరు ఏనాడూ ఎక్కలేదు.

డ్రైవర్ల లోకంలో ఒక లెక్క ఉంది. ఒక డ్రైవరు పక్కన ఇంకో డ్రైవరు కూర్చుంటే వాడి కాలు ఊరుకోదు. లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. నడిపేవాడి చేతి మీద నమ్మకం కుదిరాక ఆ కాలు ఆగుతుంది. ఆ తర్వాత కళ్ళు మూతపడతాయి. డ్రైవరు పక్కన డ్రైవరు నిద్రపోయాడంటే, అది ఏ అధికారీ కప్పలేని శాలువా. చిన్న డ్రైవరు పక్కన ఎందరో నిద్రపోయారు. ఒక్క తండ్రి తప్ప.

కుదరక ఎక్కలేదనుకుంటే పొరపాటు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు తండ్రి బస్టాండుకి వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, టైర్లన్నీ తట్టి చూశాడు, "ఎడమ వెనక చక్రంలో గాలి తక్కువుంది" అన్నాడు, "నాకు లోడుంది" అంటూ వెళ్ళిపోయాడు. చెల్లెలి పెళ్ళికి బస్సు కట్టించుకుని చిన్న డ్రైవరే నడిపితే, తండ్రి సామాన్ల లారీలో వెనకాల వచ్చాడు. "పెళ్ళికూతురి తండ్రివయ్యుండి బియ్యం బస్తాల మీద కూర్చుని వస్తావా?" అని ఆయన భార్య మొత్తుకుంది. "బస్తాలకి కాపలా వద్దూ?" అన్నాడాయన. ఇవన్నీ ఒక ఎత్తు. ఒకనాడు కండక్టరు చెప్పిన మాట ఒక ఎత్తు.

"గురూ, ఇందాక స్టేజీ దగ్గర మీ నాన్న నిలబడ్డాడు. చెయ్యెత్తబోయి, నిన్ను చూసి దించేశాడు. మన బండి వదిలేసి వెనక బండి ఎక్కాడు."

కండక్టరు నవ్వుతూనే చెప్పాడు. చిన్న డ్రైవరూ నవ్వేశాడు. కానీ ఆ మాట చేపముల్లులా గొంతులో అడ్డంపడి ఇన్నేళ్ళూ అక్కడే ఉండిపోయింది. డిపోలో కుర్ర డ్రైవర్లు, "కన్నతండ్రే ఎక్కని బండి, మాకు భయం వెయ్యదా గురూ?" అని వేళాకోళం చేస్తే, ఆ ముల్లు కాస్త కదిలేది.

రిటైరయ్యాక ఆయన కాళ్ళూ చేతులూ ఆయన మాట వినడం మానేశాయి. పొద్దున్నే లేచి ఇంటి చుట్టూ తిరిగేవాడు, పూలకుండీలు తట్టి చూసేవాడు, గేటు తీసి వేసి మళ్ళీ తీసేవాడు.

"ఏమండీ, ఇది ఇల్లండీ, డిపో కాదు. మీకు స్టాపులే లేవా?" అనేది భార్య.

"ఆగితే ఇంజను చల్లబడిపోద్దే."

"చల్లబడనివ్వండి. మాకూ కాస్త గాలాడుతుంది."

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద డ్రైవరు ఒక మాట బయటపెట్టాడు. ఆయన తన లారీ మీద బతుకంతా మోసింది పొగాకు బేళ్ళు. గోదాముల నుంచి రేవుకి, రేవు నుంచి ఖాళీ బండితో ఇంటికి. బేళ్ళు ఓడ ఎక్కడం వేలసార్లు చూశాడు గానీ ఎక్కడ దిగుతాయో చూడలేదు.

"ఒరే, నా చేత్తో తాడు బిగించి పంపిన సరుకు ఏ రేవులో దిగిందో ఒక్కసారి చూడాలిరా. వాళ్ళు దాన్ని ఎలా చుడతారో, ఎలా కాలుస్తారో చూడాలి. నేనూ ఒకటి కాల్చాలి."

"ఈ వయసులో దేశం కాని దేశం ఏంటి మావయ్యా?" అంది కోడలు.

"అందుకే ఇప్పుడంటున్నా. ఇంకో పదేళ్ళాగితే ముసలాణ్ణైపోనూ?"

ఎవరో ఏదో అనేలోపే చిన్న డ్రైవరు లేచి నిలబడి, "నేను తీసుకెళ్తా నాన్నా" అనేశాడు. కొడుకంటే వీడూ అని పేటంతా మెచ్చుకుంది. మెచ్చుకోదగినదే. కానీ ఆయన లోపల లెక్క వేరే ఉంది. దేశం కాని దేశంలో తండ్రికి లోడుండదు. బస్తాలుండవు. వెనక బండి ఉండదు. ఆ దేశంలో కారు నడిపే పర్మిట్ కూడా తీసుకుని, భార్యకి సైతం చెప్పలేదు.

*

ఆ దేశంలో బళ్ళు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. విమానం దిగి టాక్సీ ఎక్కిన క్షణం నుంచి చిన్న డ్రైవరు ప్రాణం ఆయన గుప్పిట్లో లేదు. ఎదురొచ్చే ప్రతి బండీ తమ మీదకే వస్తున్నట్టుంది. బసకి చేరేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

బస ఒక తాళంచెవుల కొట్టు పైన గది. రెండు ఇనప మంచాలు, ఒక కిటికీ, కిటికీ కింద రాళ్ళు పరిచిన సన్నటి వీధి. కింద కొట్టులో ఇనుమును రాసే చప్పుడు తెల్లారగానే మొదలయ్యేది. ఇల్లు చూసుకునే లావుపాటి ఆవిడ వేళ్ళకి ఎప్పుడూ పిండి అంటుకుని ఉండేది. ఆవిడ పెద్ద డ్రైవరును చూసిన మొదటి పూటే కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేసింది. ఆయన దిగిన పూట నుంచీ ఆ ఊరికి కొత్తల్లుడిలా తిరిగాడు. అందరితోనూ తెలుగులోనే మాట్లాడాడు. వాళ్ళు వాళ్ళ భాషలో జవాబిచ్చారు. ఎవరి పని వాళ్ళకి అయింది.

"నాన్నా, వాళ్ళకి నీ మాట అర్థం కాదు."

"నీకర్థమవుతోందిగా, నువ్వు మాత్రం వింటున్నావా?"

మొదట చుట్టల కొట్టుకి వెళ్ళారు. చల్లటి గది, తడి చెక్క వాసన, గోడల నిండా పెట్టెలు. వెనకాల పొడవాటి బల్లల ముందు ఆడా మగా కూర్చుని ఆకు పరిచి, ఈనె తీసి, చుడుతున్నారు. ఒక బట్టతలాయన పెద్ద డ్రైవరు చేతికి బొటనవేలంత లావు చుట్ట ఇచ్చి, కొస కోసుకోమని చిన్న కత్తెర కూడా అందించాడు. పెద్ద డ్రైవరు కత్తెరను మర్యాదగా పక్కన పెట్టి, కొసను పళ్ళతో కొరికి, వెలిగించి, గుండెల నిండా ఒక దమ్ము లాగాడు. బట్టతలాయన బిత్తరపోయి వద్దు వద్దని చేతులూపాడు. ఆ చుట్టల పొగ నోట్లో ఉంచి వదలాలట, మింగకూడదట.

"ఎలా ఉంది నాన్నా?"

"మర్యాదస్తురాల్రా ఇది. కూర్చోమంటే కూర్చుంటుంది. మన చుట్ట అలా కాదు, తగూకొచ్చిన తోడల్లుడిలా ఉంటుంది." ఇంకో దమ్ము లాగి కళ్ళు మూశాడు. "ఇందులో మన ఆకుంది."

"నీకెలా తెలుసు?"

"తెలీదు. ఉందనుకుంటే బావుంది."

బల్ల దగ్గరున్న ఒకామె ఆకు చుడుతూనే తలెత్తి నవ్వింది. చిన్న డ్రైవరు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, వీధి చివర కార్లు అద్దెకిచ్చే కొట్టు బోర్డు వంక చూస్తున్నాడు.

తిండి సంగతీ అంతే. బస ఆవిడ తెల్లటి గుడ్డలు పరిచిన హోటలు చూపిస్తే పెద్ద డ్రైవరు గుమ్మం కూడా తొక్కలేదు. "లారీలు ఆగిన చోటే తినాలి" అని వీధులన్నీ గాలించి, సరుకుల గోదాము వెనకాల రేకుల షెడ్డు ఒకటి పట్టాడు. బయట లారీల వరస. లోపల బొగ్గుల మీద కాలుతున్న చేపలు, పెద్ద గంగాళంలో మాంసంతో కలిపి ఉడికిన గింజలు, చేతికందేంత ఎత్తున పేర్చిన రొట్టెలు. ఉప్పు ఉంది, కారం లేదు. పెద్ద డ్రైవరు వేళ్ళతో ముల్లు తీసి, నిమ్మకాయ పిండి, రెండు చేపలు ఖాళీ చేశాడు. పక్క బల్ల లారీ డ్రైవరుకి సంజ్ఞలతో తన లారీ ఎంత పొడవుండేదో, ఎన్ని బేళ్ళు ఎక్కించేవాడో చెప్పాడు. వాడు నమ్మలేనట్టు తల ఊపి తన రొట్టెలో సగం విరిచి ఇచ్చాడు.

చిన్న డ్రైవరుకి ముద్ద దిగలేదు. చేయి కడుక్కునే వంకతో లేచి, షెడ్డు వెనక గోడచాటుకి వెళ్ళి సిగరెట్టు వెలిగించాడు. అరవై ఏళ్ళొచ్చినా ఆయన తండ్రి ఎదుట సిగరెట్టు కాల్చి ఎరగడు. బసలో అయితే పెరటి గోడ వెనక కాల్చేవాడు. అది చూసి బస ఆవిడ, ఈయన ఎవరో డాక్టరుకి భయపడుతున్నాడనుకుని, పెదాల మీద వేలు పెట్టి, ఎవరికీ చెప్పనని సైగ చేసేది.

*

తర్వాతి రోజు కొండల మీద పొగాకు ఆరబెట్టే కొట్టాలు చూడ్డానికి టాక్సీ మాట్లాడారు. పాతికేళ్ళ కుర్రాడు, చెవికి పోగు, నోట్లో ఈల. చిన్న డ్రైవరు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్ద డ్రైవరు అటు చూడనైనా చూడకుండా ముందు తలుపు తీసుకుని, కుర్రాడి పక్కన, కాలు చాపుకుని కూర్చున్నాడు.

వెనక సీట్లో చిన్న డ్రైవరు రెండు సీట్ల మధ్యకి వంగాడు. తండ్రి కుడికాలు మొదట లేని బ్రేకును నొక్కింది. కుర్రాడు మలుపులు చులాగ్గానే తిప్పుతున్నాడు గానీ ఎదర బండికి మరీ దగ్గరగా పోతున్నాడు, గేరు ఆలస్యంగా దించుతున్నాడు, హారను దండగ చేస్తున్నాడు. ఎక్కడెక్కడ తప్పు చేశాడో చిన్న డ్రైవరు ఒక్కొక్కటే లెక్క పెట్టుకుంటున్నాడు. ఇంతలో తండ్రి కాలు ఆగింది. చిన్న డ్రైవరు ఊపిరి బిగపట్టాడు. కాసేపటికి తండ్రి తల కిటికీ వైపు వాలింది. ఆ తర్వాత గుర్రు.

కుర్రాడు అద్దంలోంచి చిన్న డ్రైవరును చూసి నవ్వుతూ ముసలాయన వైపు తలాడించాడు. చిన్న డ్రైవరుకి నవ్వు రాలేదు. ముక్కూ మొహం తెలియనివాడు, ఎదర బండికి బెత్తెడు దూరంలో పోయేవాడు. వాడి పక్కన ఎంచక్కా నిద్రపోయాడు. ముప్పై నాలుగేళ్ళు. కంకర గుట్ట. ఆసుపత్రి మెట్లు. మంచం కింద షీల్డులు.

కొట్టాల్లో వేలాడే ఆకు తోరణాల కింద తండ్రి తల వెనక్కి వాల్చి వాసన పీలుస్తూ నిలబడితే, కొడుకు బయట నేలను కాలితో తవ్వుతూ తిరిగాడు. తిరుగు ప్రయాణంలో కూడా పెద్ద డ్రైవరు ముందు సీట్లోనే కూర్చున్నాడు. దిగేటప్పుడు కుర్రాడి భుజం తట్టి, జేబులోంచి ఒక మంచి చుట్ట తీసి ఇచ్చాడు.

*

మర్నాడు తాళంచెవుల కొట్టు తలుపు తీయకముందే చిన్న డ్రైవరు వెళ్ళి కారు అద్దెకి తెచ్చాడు. స్టీరింగు ఎడమవైపు. కూర్చోగానే ఎడమ చేయి గేరు కోసం వెళ్ళి తలుపుకి కొట్టుకుంది. ఇంజను వేశాక కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత గానీ తట్టలేదు, కండక్టరు "రైట్ రైట్" అంటాడని చూస్తున్నాడని. తనని తాను తిట్టుకుని, వీధిలో నాలుగు చుట్లు తిప్పి చేయి అలవాటు చేసుకుని, బస ముందు ఆపాడు.

పెద్ద డ్రైవరు గుమ్మం ముందు కుర్చీలో చుట్ట కాలుస్తున్నాడు.

"ఎక్కు నాన్నా."

"ఎవరిదిరా ఇది?"

"అద్దెకి తెచ్చా. ఆ కొండల అవతల రేవుందట. పొగాకు ఓడలన్నీ అక్కడే ఆగుతాయట. నీ బేళ్ళు దిగిన రేవు. చూసొద్దాం పద."

పెద్ద డ్రైవరు మొహంలో వెలుగు వచ్చింది. ఆ వెంటనే ఆయన చూపు స్టీరింగు మీద పడింది, వెలుగు తగ్గింది. కుర్చీలోంచి లేచి, కారు చుట్టూ తిరిగి, టైర్లు తట్టాడు.

"నిన్నటి అబ్బాయిని పిలుద్దాంరా. దారి తెలిసినవాడు."

చిన్న డ్రైవరు కారు దిగాడు. తలుపు దబ్బుమని పడింది. ఆ చప్పుడుకి బస ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది.

"వాడైతే ఎక్కుతావు. వాడి పక్కన గుర్రు పెట్టి నిద్రపోతావు. నేనైతే ఎక్కవు. నేనేం పాపం చేశాను నాన్నా? నా బండి కింద కోడిపిల్ల పడిందా? ఊళ్ళో ఎవణ్ణైనా అడుగు, నా గురించి ఏం చెప్తారో."

"ఊళ్ళోవాళ్ళని నేనెందుకడగాలి?"

"మరి ఎక్కవేం?"

పెద్ద డ్రైవరు చుట్ట చివర చూసుకున్నాడు. "ఆకలేస్తోంది. ముందు తిందాం" అని, రేకుల షెడ్డు వైపు నడక సాగించాడు. కారు అక్కడే ఉంది. చేసేది లేక కొడుకు వెనకాల నడిచాడు. పట్టుమని పది అడుగులు ఒక్క తీరుగా వెయ్యలేకపోయాడు. కాసేపు తండ్రిని దాటిపోవడం, కాసేపు ఆగిపోవడం.

షెడ్డులో పెద్ద డ్రైవరు మామూలుగానే చేప తెప్పించుకున్నాడు. కొడుకు ముందున్న రొట్టె అలాగే ఉంది.

"నువ్వు తినవా?"

"ఆకలి లేదు."

"అరవై ఏళ్ళకి అలకేంట్రా?"

"అరవై ఊరికి. నీ దగ్గర నేనింకా చిన్న డ్రైవర్నేగా."

పెద్ద డ్రైవరు ముల్లు తీసి పక్కన పెట్టి, వేళ్ళు తుడుచుకుని, కొత్త చుట్ట వెలిగించాడు.

"నీ జేబులోది తియ్యి."

"ఏది?"

"గోడ వెనక కాల్చేది. తియ్యరా, ఇక్కడే కాల్చు. నేనేం అనను."

చిన్న డ్రైవరు మొహం కందిపోయింది. "నాకలవాటు లేదు నాన్నా."

"ఏది? కాల్చడమా, నా ముందు కాల్చడమా? ముందు తియ్యి."

తీశాడు. పెదాల మధ్య పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీశాడు, ఆరిపోయింది. ఇంకోటి గీశాడు, విరిగిపోయింది. మూడో పుల్ల తీసి, గీసే ముందు తండ్రి మొహం చూశాడు. తండ్రి కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"చూశావా?" అన్నాడు పెద్ద డ్రైవరు. "నేను చూస్తుంటే నీకు అగ్గిపుల్ల కూడా వెలగదు. నీకు లారీ నేర్పిన రోజులు గుర్తున్నాయా? గేరు మార్చే ముందు నా మొహం చూసేవాడివి. మలుపు తిప్పే ముందు నా మొహం. ఒకరోజు రోడ్డుకి అడ్డంగా గేదె నిలబడింది. అప్పుడూ నా మొహమే చూశావు. గేదె నా మొహం మీదుందట్రా?"

పక్క బల్లల వాళ్ళు ఆయన గొంతుకి ఇటు తిరిగారు.

"ఆ రోజు నేను స్టీరింగు పట్టుకుని లాగబట్టి గేదె బతికింది, మనమూ బతికాం. అప్పుడే అనుకున్నా, వీడి పక్కన నేను కూర్చోకూడదని. తర్వాత నీ చేతికి బస్సొచ్చింది. నీ వెనకాల యాభైమంది కూర్చుంటారు. నేనూ ఎక్కి కూర్చుంటే నువ్వు రోడ్డు చూస్తావా, అద్దంలో నన్ను వెతుక్కుంటావా?"

"అది నేర్చుకునే రోజుల్లో నాన్నా. ఆ తర్వాత నా పని ఎలా ఉందో నువ్వు చూశావా అసలు?"

"చూశా."

"ఎక్కకుండా ఎలా చూశావు?"

"వెనక బండి ఎక్కితే ముందు బండి కనపడదూ?"

చిన్న డ్రైవరు పుల్ల పట్టుకున్న చెయ్యి దించాడు.

"ఆ పెళ్ళి లారీలోంచీ చూశా, వెనక బస్సులోంచీ చూశా. ఒకసారి కాదు, కుదిరినప్పుడల్లా. బ్రేకు ఎర్రలైటు ఎక్కడెక్కడ వెలుగుతుందో చూసేవాణ్ణి. వెలగాల్సిన చోటే వెలిగేది. లోపల ఎవరూ తూలేవాళ్ళు కాదు."

"మరి ఒక్కసారి... ఒక్కసారైనా చెప్పలేదేం?" చిన్న డ్రైవరు గొంతు పెరిగింది. సంతోషం రావాల్సిన చోట కోపం వచ్చింది. ముల్లు ఊడిందనుకుంటే ఇంకోవైపు గుచ్చుకుంది. "ఇన్నేళ్ళు నేను ఏమనుకున్నానో తెలుసా? డిపోలో నన్ను ఎలా ఏడిపించారో తెలుసా?"

"చెప్తే? మర్నాటి నుంచీ వెనక బండిలో నేనున్నానేమో అని వెనక్కి చూసుకుంటూ నడిపేవాడివి." పెద్ద డ్రైవరు పొగ వదిలాడు. "ఇంకోటి కూడా ఉందిలే. నీ పక్కన కూర్చుంటే నా కాలు ఊరుకోదు. నిన్న ఆ అబ్బాయి పక్కన ఆగింది. వాడు ఎలా నడిపితే నాకేంటి, పోతే నేనొక్కణ్ణి పోతా."

"వెనకాల నేనూ ఉన్నాను."

"మర్చిపోయా" అన్నాడు పెద్ద డ్రైవరు. అన్నాక తనే నవ్వాడు. కొడుకు నవ్వలేదు. సిగరెట్టును మళ్ళీ పెట్టెలో పెట్టి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"రేవు చూడవా అయితే?"

పెద్ద డ్రైవరు తల తిప్పాడు. బయట ఒక లారీ వెనక్కి వస్తోంది. అది సరిగ్గా ఒదిగి నిలబడేవరకూ దాన్నే చూశాడు.

"చూడాలి" అన్నాడు. "చూడ్డానికేగా వచ్చింది. పద."

*

కారు దగ్గరికి వచ్చాక చిన్న డ్రైవరు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్ద డ్రైవరు దాన్ని మెల్లగా మూసేసి, వెనక తలుపు తీసుకుని ఎక్కాడు.

"వెనకా? సేటులాగా?"

"ముందు కూర్చుంటే నువ్వు రోడ్డు మానేసి నా కాలు చూస్తావు. ఆ లోపలి అద్దం కూడా పైకి తిప్పేయ్. రెండు పక్కలా అద్దాలున్నాయి, చాలు. నా లారీకి లోపలి అద్దం ఉండేదా?"

"నాన్నా..."

"తిప్పుతావా, దిగమంటావా?"

చిన్న డ్రైవరు అద్దాన్ని పైకప్పు వైపు తిప్పాడు. అందులో ఇప్పుడు బూడిదరంగు గుడ్డ తప్ప ఏమీ లేదు.

ఊరు దాటేవరకూ ఇబ్బంది లేదు. కూడళ్ళు, దీపాలు, అడ్డొచ్చే సైకిళ్ళు, కుడిపక్కన ఉండాలన్న ఎరుక, వీటితోనే సరిపోయింది. కొండ మొదలయ్యాక రోడ్డు ఖాళీ అయింది. అప్పుడు మొదలైంది ఆయనకి. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. కారులో పొగ తాగకూడదని అద్దె కొట్టువాడు చెప్పాడు గనక చుట్ట వాసనా లేదు. తండ్రి కాలు నేలను నొక్కుతోందా? కళ్ళు తెరిచి ప్రతి గేరూ లెక్క పెడుతున్నాడా? కిటికీలోంచి కొండలు చూస్తున్నాడా? తల వాలిపోయిందా? గుర్రు వినపడుతుందేమోనని చెవి ఒగ్గాడు. ఇంజను తప్ప ఏమీ వినపడలేదు.

"నాన్నా, గాలి ఎక్కువైతే కిటికీ అద్దం ఎత్తనా?"

జవాబు లేదు. నిద్రపోయుండాలి. లేదా మాట్లాడకూడదని పట్టుబట్టి కూర్చుని ఉండాలి. రెండూ చేయగల మనిషే.

మెడ నరాలు లాగుతున్నాయి. ఒక్కసారి తిరిగితే చాలు, రెప్పపాటు. ఇన్నేళ్ళ ప్రశ్నకి అక్కడే, వెనక సీట్లోనే జవాబుంది. ఆయన కుడిచెయ్యి గేరు వదిలి పైకి లేచింది. అద్దం అంచు వేళ్ళకి తగిలింది. అంతలో ఎదురుగా మలుపు, మలుపు అవతల నుంచి పెద్ద లారీ హారను. చెయ్యి దానంతటదే గేరు మీదికి దిగింది. రెండో గేరులోకి దించి, అంచుకి ఒదిగి, లారీని పోనిచ్చాడు. బండి కుదుపు లేకుండా మళ్ళీ ఎత్తుకుంది. వెనక ఎవరైనా తూలారో లేదో ఆయనకి తెలియదు.

మరో మలుపు. దాని వెనక మరోటి. ప్రతిదానికీ మధ్యన మెడ అటు లాగుతూనే ఉంది. ప్రతిదానికీ కళ్ళు రోడ్డు మీదకే వచ్చాయి. అరచేతులు ఒక్కొక్కటే ప్యాంటుకి తుడుచుకున్నాడు.

కొండ నెత్తి దాటాక కిందికి సముద్రం కనిపించింది. దాని ఒడ్డున క్రేన్లు, వాటి కింద ఓడలు, గోదాముల రేకులు ఎండలో తళతళలాడుతున్నాయి. తండ్రి బతుకంతా తాడు బిగించి పంపింది ఇక్కడికే. "నాన్నా, రేవు!" అని అరవబోయి ఆగాడు. నిద్రలో ఉంటే లేపినట్టవుతుంది. మెలకువగా ఉంటే ఆయనే చూస్తాడు.

రోడ్డు కిందికి వంపు తిరిగింది. చిన్న డ్రైవరు గేరు దించి, బండిని మలుపులోకి తిప్పాడు.